పెదాల మాట

ఆ రోజు మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. పెరటివైపు గదిలో ఇనప మంచం మీద తాతయ్య. వీధి గుమ్మంలో, కూర్చోనూ లేక నిలబడనూ లేక తిరుగుతున్న నాన్న. వంటింట్లో అమ్మ. అమ్మకు తోడుగా వచ్చి పీట లాక్కుని కూర్చున్న పక్కింటి కత్తెర పిన్ని. పెరట్లో కుళాయి దగ్గర తాతయ్య దుప్పట్లు ఉతుకుతున్న అత్త, అంటే నాన్నకు అక్క. ఎక్కడ నిలబడితే ఎవరికీ అడ్డు కానో తెలియక గోడకు అంటుకుపోయిన నేను. కాసేపటికి ఫాదరు గారు వచ్చారు. పోయినవాళ్లను కూడా కలుపుకుంటే మామయ్య ఉన్నాడు, అత్త భర్త. ఆయన ఫొటో వంటింట్లో గిన్నెల అలమర పక్కన, తలుపు తీస్తే దాని వెనక్కి పోయే చోట వేలాడుతుంది.

కత్తెర పిన్ని బట్టలు కుడుతుంది. కానీ ఆ పేరు ఆవిడ చేతిలో ఉన్నదాన్ని చూసి పెట్టింది కాదు, నోట్లో ఉన్నదాన్ని చూసి పెట్టింది.

మాది మగ్గాల షెడ్డు మీద బతికిన కుటుంబం. తాతయ్య అక్కడ మేస్త్రీగా చేశాడు. అత్త పెళ్లికి ముందూ పెళ్లయ్యాకా కూడా అక్కడే కండెలకు నూలు చుట్టింది. నాన్న ఇప్పటికీ వెళ్తాడు. కరెంటు మగ్గాలు వరసగా ఆడుతుంటే పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. గొంతు వదిలేసి పెదాలతో మాట్లాడతారు. ఒక్కో మాటనూ నమిలినట్టుగా, నోరంతా సాగదీసి పలుకుతారు, ఎదుటివాళ్లు చూసి అర్థం చేసుకుంటారు. పోగు తెగిందని, నూలు అయిపోయిందని, ఓనరు వస్తున్నాడు తల వంచుకోమని, నీ చొక్కా వెనక చిరిగిందని, అన్నీ అలాగే. షెడ్డు ఈ చివర ఉన్నవాళ్లు ఆ చివర ఉన్నవాళ్లతో పనంతసేపూ కబుర్లు చెప్పుకుంటారు, చిన్న చప్పుడైనా లేకుండా.

ఆ అలవాటు మా ఇంటికి కూడా వచ్చింది. ఏళ్ల తరబడి ఆ మోతలో నిలబడి తాతయ్య చెవులు పూర్తిగా పోయాయి. ఆయనతో ఎవరు మాట్లాడినా పెదాలతోనే. అమ్మ వేరే పని చేసుకునే వాళ్ల ఇంటి నుంచి వచ్చింది, ఆమెకు ఇది పట్టుబడలేదు. "కాపురానికొచ్చి మూగ సినిమాలో పడ్డాను, మధ్యలో లేచి పోదామంటే తలుపులు వేసేశారు" అంటుంది. నాన్నకు వచ్చు గానీ ఓపిక లేదు. సగం మాటలు మింగేస్తాడు.

నాకు మాత్రం అదే అసలు మాట. నాకు గొంతు పైకి రాదు. బళ్లో టీచరు ప్రశ్న అడిగితే లేచి నిలబడతాను, జవాబు తెలిసే ఉంటుంది, నోరు కదులుతుంది, మాట బయటికి రాదు. చేప అని వెనక బెంచీవాళ్లు నవ్వుతారు. తాతయ్య ముందు ఆ బాధ లేదు. ఆయనకు నా గొంతుతో పనే లేదు. బడి నుంచి రాగానే మంచం పక్కన ముక్కాలి పీట వేసుకుని రోజంతా జరిగింది చెప్పేదాన్ని. ఇంట్లో అందరికీ నేను మూగపిల్లను. తాతయ్య ఒక్కడే నన్ను వాగుడుకాయ అనేవాడు.

ఈ విద్యలో మా అందరినీ మించింది అత్త. వీధికి అటువైపు ఇంట్లో ఆమెతో పాటు కండెలు చుట్టిన స్నేహితురాలు ఉంది. ఇద్దరూ ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడి, మధ్యలోంచి బళ్లూ మనుషులూ పోతున్నా ఆపకుండా మాట్లాడుకునేవాళ్లు. ఒకసారి కత్తెర పిన్ని పక్కనే కూర్చుని ఉండగా, ఆవిడ కుట్టిన జాకెట్టు గురించే అవతలామెకు చెబుతోంది అత్త. చంకల దగ్గర ఇంకో మనిషి అద్దెకు ఉండొచ్చట. నేను నవ్వు ఆపుకోలేక లోపలికి పరిగెత్తాను. పిన్ని మాత్రం "మీ అత్తకు దవడ నొప్పా ఏంటే, ఊరికే నోరలా తిప్పుకుంటోంది" అంది.

అంత నవ్వించే అత్త తను నవ్వడం తక్కువ.

మామయ్య షెడ్డులో మంటలు లేచినప్పుడు పోయాడు. అప్పటికి నాకింకా నడక రాలేదు. నేను విన్నది ఇది. ఆయన సాయంత్రం షిఫ్టుకు తాగి వచ్చాడు. వెనకవైపు దూది నలక గుట్టల పక్కన కూర్చుని సిగరెట్టు ముట్టించాడు, అక్కడే నిద్రపోయాడు. మంట లేచాక మిగతావాళ్లందరూ ముందు తలుపులోంచి బయటికి ఉరికారు. మామయ్య వెనక తలుపు దగ్గరే పడి ఉన్నాడు. ఆ తలుపు బార్లా తీసే ఉంది. చెయ్యి చాపితే బయటపడేవాడు, మత్తులో ఆ చెయ్యి కూడా చాపలేకపోయాడు. ఇది కళ్లారా చూసి చెప్పింది తాతయ్య. అందరికన్నా ముందు వెనకవైపుకు చేరింది ఆయనే. మేస్త్రీ మాట, పైగా సొంత మామగారి మాట. ఎవరు కాదంటారు?

షెడ్డు మళ్లీ కట్టేదాకా చాలా ఇళ్లలో పని లేదు. అది మామయ్య సిగరెట్టు వల్లేనని వీధిలో కొందరు అత్తను చూస్తే మాట ఆపేసేవాళ్లు. ఇప్పటికీ ఆపుతారు.

అత్త మామయ్య కోసం ఏడవలేదని అమ్మ చెబుతుంది. ఆమెకు వచ్చింది కోపం. అది ఇన్నేళ్లలో ఏమీ తగ్గలేదు. గిన్నెలు తోముతూ తోముతూ ఉన్నట్టుండి చెయ్యి ఆపి, "తలుపు తీసే ఉందే. తీసే ఉంది. ఆ నిమిషంలో నేను గుర్తొచ్చుంటే పాక్కుంటూ అయినా రాడూ?" అనేది. నన్ను అడిగినట్టుండేది గానీ, జవాబు కోసం ఆగేది కాదు.

ప్రతి నెలా మొదటి శుక్రవారం పాపసంకీర్తనానికి, అంటే చేసిన పాపాలు ఫాదరుకు చెప్పుకోవడానికి, అత్త చర్చికి వెళ్లేది. ఏం చెబుతావత్తా అని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "నాకున్నది ఒకటే పాపమే. పోయిన మనిషిని క్షమించలేకపోతున్నానని చెబుతాను. మళ్లీ నెలా అదే. పాత ఫాదరు గారు నేను మోకాళ్లూనగానే నిట్టూర్చేవారు, ఈమెకు కొత్త పాపం చెయ్యడం కూడా చేతకాదని" అంది. ఆమెకు తోడుగా తాతయ్య వెళ్లేవాడు. ఆమె లోపల ఉన్నంతసేపూ బయట బెంచీ మీద చేతికర్ర పట్టుకుని కూర్చునేవాడు. తను మాత్రం లోపలికి పోయేవాడు కాదు. "ఫాదరు చెప్పేది నాకు వినపడదుగా" అనేవాడు.

ఆ వారం తాతయ్యకు ఊపిరి అందడం మానేసింది. దూది నలక ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఈసారి ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. దాని అర్థం అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. తాతయ్యే నాన్న చెయ్యి పట్టుకుని "ఫాదర్ని పిలు" అన్నాడు.

కొత్త ఫాదరు గారు కుర్రాయన. ఒత్తుగా గడ్డం, పెదాల మీదికి దిగిన మీసాలు. మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా ఏదో అడిగారు. తాతయ్య ఆయన మొహంలోకి చాలాసేపు చూసి నా వైపు తిరిగాడు. "ఈయన నోరెక్కడుందే?" అన్నాడు పెదాలతో.

రాసి చూపిద్దామంటే తాతయ్యకు అక్షరం ముక్క రాదు. "మా అక్కను పిలుస్తానండీ, తను మధ్యలో ఉండి చెబుతుంది" అన్నాడు నాన్న. అత్త అప్పటికే తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. తాతయ్య ఆమెను చూడగానే తల అడ్డంగా ఊపాడు. "అది వద్దు!" అన్నాడు, ఈసారి గొంతుతోనే. చెవిటి మనిషి కదా, అది ఇల్లంతా మోగింది. వేలు నా వైపు చూపించాడు.

"చిన్నదాన్నెందుకు నాన్నా దీంట్లోకి? దానికి పరీక్షలున్నాయి" అంది అత్త, తనకు తట్టిన మొదటి సాకు.

"మనవరాలు వచ్చాక కూతురు చేదెక్కింది, చూశావా?" అని వంటింట్లోంచి కత్తెర పిన్ని అందుకుంది.

అత్త కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు నవ్వి, కుళాయి దగ్గరికి వెళ్లిపోయింది.

పిల్ల ఉండొచ్చా అని నాన్న అడిగాడు. మధ్యలో మాట చేరవెయ్యడానికి ఒకరు ఉండొచ్చని ఫాదరు గారు చెప్పారు. నా వైపు తిరిగి, "ఇక్కడ విన్నది ఎవరికీ చెప్పకూడదమ్మా. అమ్మకైనా, నాన్నకైనా. నాకెంత కట్టుబాటో నీకూ అంతే" అన్నారు. నేను తలూపాను. "దాని గురించి బెంగ పెట్టుకోకండి, అది మామూలుగానే నోరు విప్పదు" అన్నాడు నాన్న.

ఇప్పుడిది వీధి మొత్తానికి తెలిసిన సంగతి కాబట్టి రాస్తున్నాను. తెలియకపోతే రాసేదాన్ని కాదు.

నాన్న బయటికి వెళ్లాక ఫాదరు గారు తలుపు వేసి, సరిగ్గా పడిందో లేదో లాగి చూశారు. ఊదారంగు పట్టీ మెడలో వేసుకున్నారు. గది మసకగా ఉంది. "నీ మొహం కనపడట్లేదే" అన్నాడు తాతయ్య. నేను లేచి కిటికీ తెర మొత్తం పక్కకు లాగాను. పెరట్లోంచి వెలుతురు నేరుగా ఆయన మొహం మీద పడింది. మాసిన గడ్డం, పగిలిన పెదాలు, అన్నీ కనిపించాయి.

మా ఇంటి గోడలు పలచన. అందుకని ఫాదరు గారు గొంతు బాగా తగ్గించారు, నన్ను తన చెవిలో చెప్పమన్నారు. తాతయ్య అసలు గొంతే వాడలేదు. షెడ్డు మనుషులకు రహస్యమంటే పెదాలే. మాట బయటికి పోకుండా ముగ్గురం ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాం.

"ఆయన 'నేను' అన్న చోట నువ్వూ 'నేను' అనే చెప్పు. నువ్వు మధ్యలో లేనట్టే అనుకో" అన్నారు ఫాదరు గారు.

అలా మొదలైంది. నేను చాలా ఏళ్లుగా పాపసంకీర్తనం చెయ్యలేదు. నేను తాగాను. నేను తాగి నా భార్యను కొట్టాను. నేను షెడ్డులోంచి గుడ్డముక్కలు దాచి తెచ్చాను. నేను చర్చిలో పూజ జరుగుతుంటే నిద్రపోయాను. అన్నీ నా గొంతుతోనే వస్తున్నాయి, వణుకుతూ. నానమ్మను కొట్టింది నేనే అన్నట్టు సిగ్గేసింది. నిద్రపోయిన సంగతి దగ్గర ఫాదరు గారి మీసాలు కొంచెం కదిలాయి.

తాతయ్య ఆగిపోయాడు. ఊపిరి కోసం రొమ్ము ఎగిరి పడుతోంది. ఇంకేమైనా ఉందేమో అడగమన్నారు ఫాదరు గారు. అడిగాను.

తాతయ్య పెదాలు కదిలాయి. నాకు అర్థమైంది, అయినా తప్పు చదివాననుకున్నాను. ఇంకోసారి చెప్పమన్నాను. ఆయన మళ్లీ అదే చెప్పాడు, షెడ్డులో కొత్తవాళ్లకు చెప్పినట్టు, ఒక్కో అక్షరం విడదీసి.

"వెనక తలుపుకు గడియ నేనే వేశాను" అన్నాను ఫాదరు గారి చెవిలో.

"ఏ తలుపు?"

తాతయ్య ఇక నా కోసం ఆగలేదు. పెదాలు వేగంగా కదులుతున్నాయి. నేను ఒక మాట వెనకబడి పరిగెత్తాను. నూలు కండెలు పోతున్నాయి. ఓనరు నన్ను అనుమానంగా చూస్తున్నాడు. సిగరెట్టుకని వెనకనుంచి పోయేవాళ్లే పట్టుకెళ్తున్నారనుకున్నాను. దొంగ దొరుకుతాడని ఎవరికీ చెప్పకుండా బయటినుంచి గడియ పెట్టాను. మోటారు దగ్గర నిప్పురవ్వ లేచి నలక అంటుకుంది. అందరూ నా ముందునుంచే పోయారు. అల్లుడు పోలేదు. నేను చుట్టూ తిరిగి వెనక్కి పరిగెత్తాను. గడియ తీశాను. తలుపుకు ఆనుకుని ఉన్నాడు, లోపలికి తోస్తే పక్కకు ఒరిగి నా కాళ్ల దగ్గర పడ్డాడు. చెక్క మీద లోపలివైపు గోళ్ల గీతలున్నాయి. తలుపు బార్లా తెరిచి, ఆ గీతలు కనపడకుండా గోడవైపుకు నెట్టాను. తరవాత అది కూడా కాలిపోయింది. జనం వచ్చేసరికి తలుపు తీసే ఉంది.

"తాగలేదు" అన్నాయి తాతయ్య పెదాలు. "సిగరెట్టూ కాల్చలేదు. ఆ రెండూ నేనే చెప్పాను."

"ఆ రెండూ నేనే చెప్పాను" అన్నాను.

ఫాదరు గారు మెడలోని పట్టీ అంచు వేళ్లతో నలుపుతున్నారు. తరవాత, "ఆ చనిపోయినాయన భార్య?" అన్నారు.

"పెరట్లో ఉంది. బట్టలుతుకుతోంది."

ఆయన కళ్లు మూసుకుని తెరిచారు. "ఇది జాగ్రత్తగా చెప్పమ్మా. దేవుడు క్షమించలేని పాపం లేదు. ఆ ప్రాణాన్ని ఈయన తిరిగి ఇవ్వలేడు. కానీ ఆ మనిషి మంచి పేరు కూడా తీసుకున్నాడు, అది ఇవ్వగలడు. కూతురికి నిజం చెబుతానని మనసులో ఒప్పుకోమను. ఒప్పుకుంటే ఈ నిమిషమే పాపవిమోచనం ఇస్తాను. అది ఒప్పుకోకుండా ఇవ్వడం నా చేతిలో లేదు."

చెప్పాను. నా పెదాలు ఎండిపోయి ఒకదానికొకటి అంటుకుంటున్నాయి.

తాతయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. "అది తప్ప" అన్నాడు. "ఏదైనా చేస్తాను. దానికి మాత్రం చెప్పలేను. ఇవాళో రేపో పోయేవాణ్ని. దాని చేతి నీళ్లు తాగి పోవాలి నేను. తెలిస్తే ఇస్తుందా? మొహమైనా చూస్తుందా? ఆయన్ని బతిమాలవే. ఇట్లా పోనివ్వొద్దని చెప్పవే. నీ మాట వింటాడు."

నేను పుట్టాక తాతయ్య భయపడటం చూడలేదు. ఓనర్లకు ఎదురు మాట్లాడిన మనిషి. ఇప్పుడు కళ్లు మా ఇద్దరి మధ్య అటూ ఇటూ పరిగెడుతున్నాయి, ఎలుకపిల్లలాగా.

"ఏమంటున్నారు?" అన్నారు ఫాదరు గారు.

బళ్లో ఏనాడూ రాని గొంతు అప్పుడు వచ్చింది, వణుకు కూడా లేకుండా. "చెబుతానంటున్నారు" అన్నాను.

"మనస్ఫూర్తిగానా?"

"మనస్ఫూర్తిగానే."

ఆయన నా మొహంలోకి చూశారు. కానీ నేను అబద్ధమాడతానని ఎవరనుకుంటారు? చెయ్యి ఎత్తి తాతయ్య తల మీదుగా సిలువ గుర్తు వేస్తూ పాపవిమోచన మాటలు చెప్పడం మొదలుపెట్టారు. తాతయ్యకు ఆ మాటలు వినపడవు. ఎత్తిన చెయ్యి ఒక్కటే కనపడుతోంది. "ఒప్పుకున్నాడా?" అని నన్ను అడిగాడు. తలూపాను. "దానికి చెప్పక్కర్లేదన్నాడా?" మళ్లీ తలూపాను. ఆయన కన్నీళ్లు పక్కలకు కారి, పనికిరాని ఆ రెండు చెవుల్లోకి పోయాయి.

ఫాదరు గారు ఆయన నుదుటికీ చేతులకూ దీవించిన నూనె రాశారు. నేను చూడలేక కిటికీ వైపు తిరిగాను. పెరట్లో తీగ మీద దుప్పటి సగమే ఆరేసి ఉంది. కుళాయి కింద బకెట్టు నిండి పొర్లిపోతోంది. అత్త నీళ్లు అలా పోనిచ్చే మనిషి కాదు. దుప్పటి పక్కన, మా వైపే మొహం పెట్టి, కదలకుండా నిలబడి ఉంది. చేతిలో బట్టలపిన్ను ఉంది. అప్పుడు కూడా నాకు తట్టలేదు.

"ఆమెను ఇప్పుడే పిలుద్దామా?" అన్నారు ఫాదరు గారు.

"అలసిపోయారు. కాసేపు పడుకోనివ్వండి" అన్నాను. మొదటి అబద్ధానికి పట్టినంత కష్టం రెండోదానికి పట్టలేదు.

ఫాదరు గారు ఇంకో ఇంట్లో ఇంకో జబ్బు మంచం దగ్గరికి వెళ్లాలి. పట్టీ మడత పెట్టుకుని వెళ్లిపోయారు. నాన్న సాగనంపడానికి వీధి చివరిదాకా వెళ్లాడు.

నేను వంటింట్లోకి వచ్చి, నీళ్లు తాగుదామని గ్లాసు తీసుకున్నాను. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. కత్తెర పిన్ని ఒళ్లో లంగా వేసుకుని అంచు కుడుతోంది.

"ఏమే మూగపిల్లా, మీ తాత నన్ను చూసి ఎన్నిసార్లు కన్ను కొట్టాడో అది కూడా అప్పజెప్పాడా?" అంది పిన్ని.

"నీ మొహం. కొట్టింది కన్ను కాదు, నలక పడి ఉంటుంది" అంది అమ్మ.

ఇద్దరూ నవ్వారు, జబ్బు మనిషి ఉన్న ఇంట్లో నవ్వినట్టు, కొంచెం తగ్గించి. పెరటి తలుపులోంచి అత్త వచ్చింది. చేతుల్లో పిండేసిన దుప్పటి. నీళ్లు కారడం ఎప్పుడో ఆగిపోయింది, అయినా ఇంకా మెలిపెడుతూనే ఉంది. వచ్చి గడపలో నిలబడి నా వైపు చూసింది. ఆమె పెదాలు కదిలాయి, చప్పుడు లేకుండా.

"గడియ వేసి ఉందటగా."

నా చేతిలో గ్లాసు జారి కింద పడింది. "చూసుకోవే, సత్తువ లేదా చేతుల్లో?" అంది అమ్మ, వెనక్కి తిరక్కుండానే.

అప్పుడు నాకు తెర గుర్తొచ్చింది. తలుపు లాగి చూసుకున్నాం, చెవుల్లో చెప్పుకున్నాం, గొంతులు దాచుకున్నాం. వెలుతురు కోసం కిటికీ తెర లాగింది నేను. ఆ వెలుతురులో తాతయ్య మొహం పెట్టి, ఒక్కో అక్షరం విడదీసి చెప్పించింది కూడా నేనే.

"మా అత్తగారు పోయేముందు ఫాదరుకు గంటసేపు చెప్పింది. సగం నా పాపాలే చెప్పి ఉంటుంది" అంటోంది పిన్ని.

"నాతో చెప్పనన్నాడు" అన్నాయి అత్త పెదాలు. "అది తప్ప అన్నాడు. చూశాను. అయినా ఫాదరు చెయ్యెత్తాడు. నీ వీపు నాకు కనపడింది, నోరు కనపడలేదు. ఏం చెప్పావు ఆయనకి?"

చెప్పకూడదని నాతో ఒప్పించుకున్నారు. నేను అలాగే నిలబడ్డాను. ఆమెకు అది చాలింది.

"చెబుతానన్నాడని చెప్పావు."

"పోతున్నాడత్తా" అన్నాను పెదాలతో. "భయపడుతున్నాడు."

"మీ మామయ్య భయపడలేదా? ఆ తలుపు దగ్గర?"

"ఉప్పు డబ్బా ఇటివ్వవే" అంది అమ్మ. అందించాను. నా కళ్లు అత్త నోటి మీదే ఉన్నాయి.

"నెలనెలా మోకాళ్ల మీద కూర్చున్నాను. నన్ను వదిలేసి తాగి పడుకున్నాడని, వాణ్ని క్షమించలేకపోతున్నానని. ఆయనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవాడు. బయట బెంచీ మీద కూర్చునేవాడు. నేను కళ్లు తుడుచుకుంటూ వస్తే, తేలికపడిందా అమ్మా అని అడిగేవాడు." ఆమె పెదాలు అక్కడ ఆగి, మళ్లీ కదిలాయి. "ఆయనకు చెయ్యెత్తించావు. బాగుంది. నేను వాణ్ని అన్న మాటలకు ఎవరెత్తుతారే చెయ్యి?"

"ఏమైంది వదినా, దవడ నొప్పి మళ్లీ వచ్చిందా?" అంది పిన్ని, సూదిలో దారం ఎక్కించుకుంటూ.

అత్త దుప్పటి పీట మీద పెట్టింది. వంటింటి తలుపు లాగి, దాని వెనక మేకుకున్న ఫొటో తీసింది. గోడ మీద అంత మేర తెల్లగా మిగిలింది. అద్దం మీద మసిని కొంగుతో తుడిచింది. మామయ్య మొహం నేను సరిగ్గా చూసింది అప్పుడే. ఫొటో చంకలో పెట్టుకుని, కింద పడ్డ గ్లాసు తీసి కడిగింది. బిందెలోంచి నిండా నీళ్లు ముంచింది. అమ్మ ఇప్పుడు తిరిగి చూసింది. "ఆ ఫొటో ఎందుకు వదినా ఇప్పుడు? మా మావగారు చూస్తే..." అని ఆగిపోయింది. అత్త మొహంలో ఏం కనపడిందో తెలియదు. కత్తెర పిన్ని సూది కూడా ఆగింది.

నేను ఆమె వెనకే నడిచాను.

తాతయ్య మెలకువగానే ఉన్నాడు. అత్త చేతిలో నీళ్లు చూసి మొహం విప్పారింది. పసిపిల్లాడిలా నోరు తెరిచాడు. అత్త గ్లాసు ఆయనకు అందనంత దూరంలో బల్ల మీద పెట్టింది. కిటికీ రెక్కలు రెండూ దగ్గరికి లాగి మూసింది. గది చీకటైంది. స్విచ్చి వేసింది. బల్బు వెలుతురు ఆమె పెదాల మీద పడేలా మంచానికి ఎదురుగా నిలబడి, చంకలోని ఫొటో తీసి ఆయన రొమ్ము మీద నిలబెట్టింది.

తాతయ్య దాన్ని చూశాడు. తరవాత ఆమెను చూశాడు. నోరు అలాగే తెరిచి ఉంది.

అత్త నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు గొంతుతో మాట్లాడింది, నెమ్మదిగా, మామూలుగా. "నువ్వు బయటికి వెళ్లు."

"నేనూ ఉంటానత్తా. ఆయన ఏమన్నా చెబితే..."

"మా ఇద్దరి మధ్య మనిషి అక్కర్లేదు. పెదాలు చదవడం నాకు నేర్పింది ఆయనే." నా భుజం మీద చెయ్యి వేసి గడప దాటించింది. తోసినట్టు లేదు, అయినా నేను బయట ఉన్నాను.

ఆమె భుజం మీదుగా తాతయ్య నన్నే చూస్తున్నాడు. ఆయన పెదాలు కదిలాయి. "తలుపు వెయ్యనివ్వకే." అత్త వీపు ఆయన వైపు ఉంది, ఆమెకు అది కనపడలేదు. ఆ మాట ఆమెకు చేర్చాల్సింది నేనే. నేను నోరు తెరిచాను. గొంతు రాలేదు.

అత్త తలుపు వేసింది. లోపల గడియ పడిన చప్పుడు ఇంట్లో తాతయ్యకు తప్ప అందరికీ వినపడింది.